విమానం మీద అక్షరం

నమూనా విమానాల నిర్మాణం అనగానే పెద్దలలో చాలామంది దానిని పిల్లల ఆటగా, అందులోనూ కలిగినవారి పిల్లల ఆటగా భావించడం పరిపాటి. ఆ అభిప్రాయంతో మేము ఇక్కడ వాదానికి దిగడంలేదు. మేము చెప్పదలచినది నమూనాను గురించి కాదు. దాని మీద అంటించే ఒక చిన్న కాగితాన్ని గురించి. అరచేతిలో ఇమిడే ఆ కాగితం మీద సంఖ్యలు, జెండాలు, వలయ చిహ్నాలు, నక్షత్రాలు, కొన్నిచోట్ల ఒక వాక్యం ఉంటాయి. దీనినే డెకాల్ అంటారు. మా దృష్టిలో ఇది ఆటవస్తువు కాదు, అక్షరాలతో కూడిన పని. అక్షరాలను నమ్ముకొని బ్రతికే భాషాశాఖలవారికి దీనితో సంబంధం ఉన్నదని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దాని తయారీ సంగతి తెలిస్తే తక్కిన మాట సులభంగా బోధపడుతుంది. మందపాటి కాగితం మీద నీటిలో కరిగే జిగురు పూస్తారు. ఆ జిగురు మీద కంటికి ఆనని వార్నిషు పొర, ఆ పొర మీద రంగుల సిరా. మన ఊళ్ళలో శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగు పద్ధతే ఇది, రంగుకొక తెర. ఒక తెర వెంట్రుకవాసి పక్కకు జరిగితే వలయం మధ్య చుక్క పక్కకు పోతుంది. కావలసిన బొమ్మను కత్తిరించి అర నిమిషం నీటిలో ఉంచితే జిగురు కరిగి, బొమ్మ కాగితాన్ని విడిచి జారుతుంది. దానిని విమానం రెక్క మీదికి జార్చి, మెత్తని గుడ్డతో నీరు అద్ది తీస్తారు. చిన్ననాడు బబుల్‌గమ్ పొట్లంలోని బొమ్మను చేతికి తడిపి అద్దుకున్నవారందరికీ ఈ విద్య సగం వచ్చినట్లే. గరుకు రంగు మీద అంటిస్తే పొరక్రింద గాలి చిక్కుకొని వెండిలా మెరుస్తుంది. అందుచేత ముందుగా నిగనిగలాడే వార్నిషు పూయాలి. అమెరికాలోని మైక్రోస్కేల్ సంస్థ అమ్మే రెండు సీసాల ద్రావకాలు, నీలం చీటీది ఒకటి, ఎర్ర చీటీది ఒకటి, ఆ పొరను మెత్తబరచి విమానం మీది సన్నని గీతలలోకి దిగేటట్లు చేస్తాయి. ఆరిన తరువాత అది అంటించినదో, రంగుతో వ్రాసినదో పోల్చడం కష్టం.

కాగితం మీది బొమ్మను మరొక వస్తువు మీదికి దించే విద్య కొత్తది కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో జాన్ శాడ్లర్, గయ్ గ్రీన్ అనే ఇద్దరు 1756లో ఆరు గంటల వ్యవధిలో 1200 పైచిలుకు పింగాణీ పలకల మీద ఈ విధంగా బొమ్మలు దించినట్లు ప్రమాణపూర్వకంగా చెప్పుకున్నారు. విమానాల నమూనాలు చాలా తరువాతివి. ఫ్రాగ్ పెంగ్విన్ పేరిట 1936లో 72వ వంతు కొలతలో వచ్చినవి తొలినాటివి. ఆ కొలతలో పదిహేను మీటర్ల మిగ్-21 జెట్టు ఇంచుమించు ఇరవై సెంటీమీటర్ల వస్తువు అవుతుంది. దాని మీద ముప్పై సెంటీమీటర్ల ఎత్తున వ్రాసిన అంకె నాలుగు మిల్లీమీటర్లు అవుతుంది.

ఇక నమూనా పెట్టెలో డెకాల్ కాగితం ఎలాగూ ఉంటుంది గదా, విడిగా కొనడం దేనికని ప్రశ్న. పెట్టె అమ్మే సంస్థ పదిమందికీ నచ్చే విమానాన్నే ఎంచుకుంటుంది. అమెరికా నౌకాదళపు ఎఫ్-14 విమానాలను ఎన్నో స్క్వాడ్రన్లు నడిపాయి. కాని తోక మీద కపాలం, ఎముకలు గుర్తుగా గల జాలీ రోజర్స్ దళపు విమానమే పెట్టెల మీద మాటిమాటికీ కనిపిస్తుంది. ఆ కపాలం అమ్ముడుపోతుంది మరి. అదే ఓడ మీద ప్రక్కనే నిలిచిన మరొక దళపు విమానం కావాలనుకొన్నవాడు ఏం చేయాలి? అటువంటివారి కోసమే కిట్టుతో నిమిత్తం లేకుండా డెకాల్ కాగితాలను మాత్రమే అచ్చువేసి అమ్మే చిన్న చిన్న సంస్థలు పుట్టాయి. ఇంగ్లండులో ఎక్స్‌ట్రాడెకాల్, అమెరికాలో మైక్రోస్కేల్ అటువంటివి. ఇటలీలోని కార్టోగ్రాఫ్ అచ్చుకూటం ఇతరుల కాగితాలను కూడ అచ్చువేసి పెట్టి, మేలైన పనితనానికి పేరు పొందినది. వీటిలో చాలావరకు ఇద్దరు ముగ్గురు మనుషులు నడిపే వ్యాపారాలు. పెద్ద సంస్థ "ఒక ఎఫ్-14" అమ్ముతుంది; వీరు "ఫలానా సంవత్సరంలో, ఫలానా ఓడ మీద, ఫలానా సంఖ్య గల ఎఫ్-14" అమ్ముతారు. జాతివాచకానికీ, సంజ్ఞావాచకానికీ ఉన్న భేదమే ఇది. వ్యాకరణం చెప్పేవారికి వేరే వివరణ అక్కరలేదు.

సంజ్ఞావాచకం వాడినవాడు సాక్ష్యం చెప్పవలసి వస్తుంది. ఆ సంఖ్య ఉన్నదా, ఆ రంగు ఆనాటిదేనా, ఆ గుర్తు ఎడమవైపే ఉన్నదా, రెండు వైపులా ఉన్నదా? మన దేశపు ఉదాహరణ ఒకటి చూద్దాం. 1963లో మన వాయుసేనలో చేరిన మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో జరిగిన వీడ్కోలుతో సెలవు తీసుకున్నాయి. 1971 యుద్ధ సమయంలో లోహపు మెరుపుతో ఉన్న ఆ విమానాల మీద స్క్వాడ్రన్లలోనే అప్పటికప్పుడు మరుగు రంగులు పూశారు. కార్ఖానాలో ఒక పటం ప్రకారం పూసినవి కావు కనుక, ఒక విమానం మీది ఆకుపచ్చ మచ్చ మరొకదాని మీద ఉండదు. అటువంటి విమానానికి కాగితం గీయదలచినవాడు ఆ ఒక్క విమానపు ఫోటో సంపాదించవలసిందే. ఎడమవైపు ఫోటో దొరికితే కుడివైపును ఊహించరాదు. మన వలయ చిహ్నంలో నడుమ కాషాయం, తరువాత తెలుపు, వెలుపల ఆకుపచ్చ. ఆ కాషాయం క్రింద తెల్లని సిరా గట్టిగా పరచకపోతే ముదురు రంగు రెక్క మీద అది ఇటుకపొడిలా మాసిపోతుంది. మన జెండా రంగును ఎన్నడూ కంటితో చూడని చిత్రకారుడు దానిని నారింజ పండు రంగులోనో, ఎరుపులోనో గీయడంలో వింత లేదు.

అసలు చిక్కు అంకెల దగ్గర వస్తుంది. ఈజిప్టు, సిరియా దేశాల మిగ్ విమానాల మీద సంఖ్యలు అరబ్బీ అంకెలలో ఉంటాయి. అరబ్బు దేశాలు ఇజ్రాయెల్‌తో 1967లోను, 1973లోను చేసిన యుద్ధాల కారణంగా ఆ విమానాలంటే నమూనాకారులకు ఎంతో మక్కువ. గీసేవారిలో, అంటించేవారిలో ఎక్కువమందికి ఆ అంకెలు చదవడం రాదు. వారికి అవి అంకెలు కావు, ముగ్గులు. అరబ్బీ సున్న ఒక చుక్క మాత్రమే. మసక ఫోటోలో దానిని నూనె మరక అనుకొని వదిలివేయవచ్చు. అరబ్బీ అయిదు ఒక చిన్న గుండ్రం. దానిని సున్నగా పొరబడవచ్చు. అన్నింటికంటె చమత్కారమైనది ఏడు, ఎనిమిదిల సంగతి. ఏడు పైకి తెరిచిన కోణం, ఎనిమిది క్రిందికి తెరిచిన కోణం. నీటిలో తేలుతున్న ముక్క తలక్రిందులైతే ఏడు ఎనిమిది అవుతుంది. అంటించినవాడికి ఏమీ జరిగినట్లే తోచదు. అరబ్బీ లిపి కుడినుండి ఎడమకు నడుస్తుందని మాత్రం విన్నవాడు అతితెలివితో సంఖ్యను కూడ త్రిప్పి వేస్తాడు. కాని ఆ లిపిలోనూ సంఖ్యలో పెద్ద స్థానం ఎడమవైపే ఉంటుందని వాడికి తెలియదు. ఇంకొక మెట్టు పైకి వెళితే, పారసీకులూ, మన ఉర్దూవారూ వ్రాసే నాలుగు, అయిదు, ఆరు అరబ్బుల రూపాలకంటె వేరు. ఒకే అక్షరాల పెట్టెను కైరోకూ, టెహరానుకూ వాడినవాడు దొరికిపోతాడు.

ఎవరికి దొరికిపోతాడు? మన కళాశాల ఉర్దూ శాఖలో మొదటి సంవత్సరం చదివే విద్యార్థికి. నిజాం కాలపు నాణెం మీది హిజ్రీ సంవత్సరాన్ని చదవగలిగిన ఏ బాలుడైనా ఆ తప్పును రెప్పపాటులో పట్టగలడు. అదే తప్పు ఒక ఐరోపా నగరంలో ఎంతో శ్రద్ధ గల చిత్రకారుని బల్ల మీద నెలల తరబడి కనిపించకుండా ఉండవచ్చు. మన పిల్లలు తమకు రెండు లిపులు రావడాన్ని భారంగా తలచడం మేము తరగతిలో నిత్యం చూస్తూనే ఉన్నాము. ఉద్యోగానికి పనికిరాని చదువని వారి ఫిర్యాదు. ఉద్యోగం మాట అలా ఉంచి, ఈ రెండు లిపులు వచ్చినవాడికి మాత్రమే కనిపించే తప్పులు లోకంలో ఉన్నాయన్న సంగతి వారికి ఎవరూ చెప్పినట్లు లేదు.

జెండాల విషయం ఇంకా సున్నితమైనది. సౌదీ అరేబియా యుద్ధవిమానాల తోక మీద ఆ దేశపు జెండా ఉంటుంది. జెండా మీద కలిమా ఉంటుంది. ఏ వైపునుండి చూచినా ఆ వాక్యం సరిగా చదువుకోగలిగేటట్లే జెండాను తయారుచేస్తారు. ఒక వైపు బొమ్మకు మరొక వైపు అద్దంలోని ప్రతిబింబం కాదు. చిత్రకారులకు ఒక అలవాటు ఉన్నది: విమానం ఎడమవైపు బొమ్మ గీసి, కుడివైపుకు దానినే కంప్యూటరులో త్రిప్పి వేస్తారు. వలయ చిహ్నానికి దానివలన నష్టం లేదు. ఈ జెండాకు మాత్రం అది చేయరాని పని. వాక్యం తలక్రిందులై అర్థం లేని గీతలుగా మిగులుతుంది. దానిని ఎవరో కావాలని చేసిన అవమానంగా భావించి ఆగ్రహించనక్కరలేదు. తెలియక జరిగిన పని. మర్యాదగా ఒక ఉత్తరం వ్రాస్తే తరువాతి ముద్రణలో దిద్దుతారు. ఆగ్రహించడం సులభం, ఉత్తరం వ్రాయడానికి లిపి రావాలి. (అంటించగా మిగిలిపోయిన ఆ ముక్కలను చెత్తబుట్టలో వేయకుండా విడిగా దాచాలని మాత్రం మన విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.)

ఇరాకు జెండా కాలాన్ని పట్టి ఇచ్చే సాక్షి. 1963నుండి దాని మీద మూడు ఆకుపచ్చ నక్షత్రాలు. 1991 జనవరిలో వాటి నడుమ "అల్లాహు అక్బర్" చేర్చారు. 2004లో ఆ వ్రాత రూపం మార్చి కూఫీ లిపిలో వ్రాశారు. 2008లో నక్షత్రాలు తీసివేశారు. 1980నుండి 1988వరకు ఇరానుతో జరిగిన యుద్ధకాలపు ఇరాకీ విమానాన్ని చేస్తూ వ్రాత ఉన్న జెండాను అంటించినవాడు, తాతగారి పెళ్ళి ఫోటోలో మనుమని చేతి సెల్‌ఫోను పెట్టినవాడితో సమానం.

పాత ఉర్దూ పత్రికల కాతిబుల పని ఎరిగినవారికి ఇదంతా పరిచితంగానే తోస్తుంది. కాతిబు పూత పూసిన కాగితం మీద జిడ్డుసిరాతో నస్తాలీఖ్ వ్రాసేవాడు. ఆ కాగితాన్ని తడిపి రాతి మీద అదిమితే వ్రాత రాతికి దిగేది, రాతినుండి పత్రికకు ఎక్కేది. తడిసిన కాగితం తన మీది అక్షరాన్ని మరొక వస్తువుకు అప్పగించడం అక్కడా ఇక్కడా ఒక్కటే. ఒక నుక్తా జారితే మాట మారిపోతుందన్న భయం కాతిబుకు జీవితాంతం ఉండేది. డెకాల్ గీసేవారికి ఆ భయం ఉండాలని మేము కోరుతున్నాము.

అక్షరం తప్పు ఒక ఎత్తు. అక్షరం సరిగా ఉండి అర్థం తప్పడం మరొక ఎత్తు. వియత్నాం యుద్ధంలో ఉత్తర వియత్నాం వాయుసేనకు చెందిన 4326 సంఖ్య గల మిగ్-21 ముక్కు మీద పదమూడు ఎర్ర నక్షత్రాలు ఉన్నాయి. కూల్చిన విమానానికొక నక్షత్రం. డెకాల్ కాగితాలలో ఈ విమానానికి ఉన్న గిరాకీ ఇంతా అంతా కాదు. ఆ నక్షత్రాలను చూసినవారు పదమూడు విమానాలను కూల్చిన వీరుడు ఒకడు ఉండి తీరాలనుకున్నారు. అమెరికను పైలట్లలో "కర్నల్ టూన్" అనే పేరు పుట్టింది. 1972 మే 10న ఆయనను కూల్చినట్లు కూడ చెప్పుకున్నారు. వియత్నామీయుల జాబితాలలో అటువంటి మనిషి లేడు. ఆ నక్షత్రాలు విమానానివి, మనిషివి కావు; వేర్వేరు రోజులలో దానిని నడిపిన పలువురి లెక్క అది. ఆ దేశపు పైలట్లలో అందరికంటె ఎక్కువ విజయాలు గల ఙుయెన్ వాన్ కోక్ లెక్క తొమ్మిది మాత్రమే. అమెరికనుల వైపునా ఇంతే. 66-7463 సంఖ్య గల ఎఫ్-4 విమానం మీది ఆరు నక్షత్రాలు ఒకే జంట సంపాదించినవి కావు. నక్షత్రాలు సరిగా అచ్చుపడ్డాయి, సంఖ్య సరిగా అచ్చుపడింది. క్రింద ఒక పేరు వ్రాయగానే చరిత్ర అబద్ధమైపోయింది. ఒక నక్షత్రం అంటే ఒక విమానం నేలకూలడం. అందులో ఒకరో ఇద్దరో మనుషులు ఉన్నారు. వారు బ్రతికి బయటపడ్డారా లేదా అన్నది నక్షత్రం చెప్పదు. రెండు మిల్లీమీటర్ల ఆ ఎర్రముక్కను పట్టకారుతో పట్టుకున్నవాడు ఈ సంగతి తెలిసి పట్టుకోవాలి.

చెప్పకుండా వదిలివేసే గుర్తుల మాట కూడ అనుకోవాలి. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1944లో, రంగానికి వచ్చిన జర్మను మెస్సర్‌ష్మిట్ 262 మొదటితరం జెట్టు యుద్ధవిమానం. దాని తోక మీద నాజీల స్వస్తిక ఉండేది. జర్మనీ శిక్షాస్మృతి 86ఎ విభాగం ఆ గుర్తు ప్రదర్శనను నిషేధిస్తుంది. అందువలన పెట్టెలలోని కాగితాలలో దానిని తీసివేయడమో, రెండు ముక్కలుగా విడదీసి అచ్చువేయడమో జరుగుతుంది. విడిగా అమ్మేవారు దానిని పూర్తిగా ఇస్తారు. కొందరు దీనిని దుస్సాహసమంటారు. ఆ చట్టం వెనుక ఉన్న దుఃఖాన్ని మేము గౌరవిస్తాము. కాని గుర్తు లేని ఆ విమానాన్ని చూసిన కుర్రవాడు దానిని అందమైన యంత్రంగా మాత్రమే ఎరుగుతాడు. ఆస్ట్రియాలో సంక్త్ గెయోర్గెన్ వద్ద కొండ తొలిచి కట్టిన సొరంగాలలో గూసెన్ నిర్బంధ శిబిరపు ఖైదీలు చావుబ్రతుకుల నడుమ ఆ విమానపు దేహాలను తయారుచేశారన్నది ఏ కాగితం మీదా లేదు. గుర్తును పూర్తిగా అచ్చువేసే ధైర్యం గలవారు, వివరణ పత్రంలో ఈ రెండు వాక్యాలు కూడ చేర్చే ధైర్యం చూపాలని మా అభిప్రాయం. అది చేర్చకుండా గుర్తు మాత్రం అమ్మితే అది వ్యాపారమే.

యుద్ధయంత్రాల బొమ్మలు మన విద్యార్థులకు ఎందుకని కమిటీ పెద్దలలో ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. జవాబు ఇంతవరకు చెప్పినదానిలోనే ఉన్నది. ఏ గుర్తూ లేని యుద్ధవిమానం పిల్లవాని చేతిలో బలానికి బొమ్మ. సంఖ్య, తేదీ, దేశం, దానిని నడిపినవాని పేరు చేరినప్పుడు అది ఒక ప్రశ్న అవుతుంది. ఖర్చు విషయంలో మాత్రం పెద్దల ఆక్షేపణను మేము కాదనము. కిట్లు చాలావరకు విదేశాలనుండి రావాలి. కాగితాలు, ద్రావకాలు కూడ అంతే. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్కటి అన్నది మన కళాశాలకు అయ్యే పని కాదు. పదిమంది కలిసి సంవత్సరానికి ఒకటి చేస్తే చాలు. జిగురు పట్టేవారు ఇద్దరు, చదివేవారు ఎనిమిదిమంది.

ఏది చేయాలంటే మా మనసులో ఒకటి ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ప్రభువు ధనంతో ఏర్పడిన బ్రిటిషు 110వ స్క్వాడ్రను డీహెచ్-9ఎ విమానాల మీద ఆయన కానుక అని తెలిపే వాక్యం ఉండేది. వాటిలో ఎఫ్1010 సంఖ్య గలది లండనులోని రాయల్ వాయుసేన మ్యూజియంలో ఉన్నది. రెండవ యుద్ధంలో 152వ స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరే పెట్టారు. దాని చిహ్నం నిజాం తలపాగా. ఆ స్క్వాడ్రను 1954లో తిరిగి ఏర్పడి, 1958లో రద్దయ్యేవరకు మీటియర్ అనే రాత్రి యుద్ధపు జెట్టు విమానాలను నడిపింది. అంటే మన నగరపు తలపాగాను చిహ్నంగా గల జెట్టు దళం ఒకటి ఇంగ్లండులో ఎగిరిందన్నమాట. వలసకాలపు విధేయత కథగా దీనిని చదివేవారు చదవవచ్చు, అదీ చర్చించదగినదే. మీటియర్ కిట్టు సంపాదించి, ఆ దళపు విమానం ఒకదానికి కావలసిన కాగితాన్ని మన విద్యార్థులే గీయాలి. తలపాగా చుట్టు ఎలా తిరుగుతుందో పాత చిత్రాలు చూసి ఉర్దూ శాఖవారు చెప్పాలి. తెలుగు శాఖవారు వివరణ వ్రాయాలి. గీసిన బొమ్మను అచ్చు వేయడానికి డెకాల్ కాగితం, తెల్లరంగు వేయగల యంత్రం కావాలి; అవి ఉన్నచోట చేయించుకోవచ్చు.

వార్షికోత్సవ ప్రదర్శనలో ఆ నమూనా పక్కన ఒక పుట కాగితం ఉంచాలి. దాని మీద మూడు గడులు: విమానం మీది గుర్తు ఏది, దానికి ఆధారమైన ఫోటో ఏది, ఆ ఫోటో ఏ సంవత్సరానిది. ఫోటో దొరకని గుర్తుకు ఎదురుగా ఆ గడిని ఖాళీగానే వదలాలి.